లినక్స్‌లో 144 హెర్ట్జ్ పెట్టాక మళ్ళీ 60కి పడిపోకుండా ఉండాలంటే

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు డీటీపీ షాపుల్లోనూ ఇంజినీరింగ్ హాస్టళ్లలోనూ 144, 165 హెర్ట్జ్ మానిటర్లు వాడేవాళ్ళకి లినక్స్‌తో వచ్చే చిక్కు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. సెట్టింగుల్లో 144 పెడతారు, పని చేస్తుంది. కరెంటు పోయి వస్తే మళ్ళీ 60. లేదా మర్నాడు పొద్దున్న కంప్యూటర్ ఆన్ చేసేసరికి 60.

హెర్ట్జ్ అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క, రేటు అన్నా అదే. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేము తెర మీద సుమారు 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 144లో 6.9 మాత్రమే. ఆటలు ఆడేవాళ్ళ సంగతి అలా ఉంచండి. ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు ఉన్న పేజీలను రోజంతా పైకీ కిందకీ లాగుతూ ప్రూఫు చూసేవాళ్ళకి ఈ తేడా కంటికి నేరుగా తెలుస్తుంది. డబ్బు పెట్టి కొన్న 144 రోజూ చేతికి అందాల్సిందే. అందుకు పెద్ద పరిజ్ఞానం అక్కర్లేదు, ఎక్కడ మర్చిపోతోందో పట్టుకుంటే చాలు.

ఒక సూచన. కింద కమాండ్లు, ఫైళ్ళ పేర్లు పలికినట్టు తెలుగులో ఉన్నాయి. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. గీతలు, చుక్కలు, స్లాష్‌లు, అంకెలు ఇక్కడ ఎలా ఉంటే అలాగే. కొలతల మధ్య వచ్చే "ఎక్స్" అంటే ఇంగ్లీషు చిన్న ఎక్స్ అక్షరం.

అసలు ఎందుకు మర్చిపోతుంది

మానిటర్‌లో ఈడీఐడీ అనే చిన్న సమాచారం ఉంటుంది. ఏ సైజులో, ఏ రేటుతో పనిచేయగలదో అది కంప్యూటర్‌కి చెబుతుంది. వాటిలో ఒకదాన్ని "నాకు ఇదే ఇష్టం" అని గుర్తు పెట్టి చెబుతుంది. చాలా 144, 165 హెర్ట్జ్ మానిటర్లు ఆ గుర్తును 60 మీదే పెట్టుకుని వస్తాయి, ఏ పాత కంప్యూటర్‌కి తగిలించినా బొమ్మ రావాలి కాబట్టి. ఎవరూ వేరే మాట చెప్పకపోతే లినక్స్ ఆ 60నే తీసుకుంటుంది.

ఆ మాట చెప్పాల్సిన చోట్లు ఒకటి కంటే ఎక్కువ. బూట్ అయ్యేటప్పుడు కెర్నల్ (లినక్స్ గుండెకాయ), తర్వాత లాగిన్ తెర, ఆ తర్వాత మీ డెస్క్‌టాప్, ఇవి ఎవరికి వారే రేటు ఎంచుకుంటాయి. మధ్యలో మానిటర్ ఆగి మళ్ళీ వెలిగితే ఇంకోసారి ఎంపిక జరుగుతుంది. మీరు డెస్క్‌టాప్‌కి చెప్పింది లాగిన్ తెరకి తెలీదు. లాగిన్ అయినప్పుడు నడిచిన స్క్రిప్టు, మధ్యాహ్నం మానిటర్ ఆగి వెలిగినప్పుడు మళ్ళీ నడవదు. అందుకే ముందు చూడాల్సింది ఎప్పుడు పడిపోతోందన్నది. లాగిన్ తెర మీదే 60 ఉండి లోపలికి వెళ్ళాక 144 వస్తోందా? ప్రతి లాగిన్‌కీ 60 వస్తోందా? కరెంటు కోత తర్వాతా? ల్యాప్‌టాప్ మూత మూసినప్పుడా? ఒక్కోదానికి మందు వేరు.

జాబితాలో 144 అసలు లేకపోతే

అప్పుడు సెట్టింగుల జోలికి వెళ్ళొద్దు, కేబులు చూడండి. పెట్టెలో వచ్చినదో, షాపువాళ్ళు చేతికిచ్చినదో హెచ్‌డీఎంఐ కేబులు తగిలించి ఊరుకోవడం మామూలే. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు పిక్సెల్ క్లాక్ (తెర చుక్కలను పంపే వేగం) హద్దు 340 మెగాహెర్ట్జ్. 1920ఎక్స్1080లో 120 హెర్ట్జ్ ఇందులో హాయిగా పడుతుంది, 144 సరిగ్గా అంచు మీద ఉంటుంది. 2560ఎక్స్1440లో 144 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ ఉండి తీరాలి. సింగిల్ లింక్ డీవీఐ హద్దు 165 మెగాహెర్ట్జ్, అంటే 1080లో 60 దగ్గర ఆగిపోతుంది. డిస్‌ప్లేపోర్ట్‌ని హెచ్‌డీఎంఐగా మార్చే చవక కన్వర్టర్లలో చాలావాటిదీ ఇదే హద్దు. కన్వర్టర్ మీద "4కె" అని రాసి ఉన్నా 144 వస్తుందన్న భరోసా లేదు. అది 4కెలో 30 హెర్ట్జ్ గురించి రాసింది కావచ్చు.

గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో కేబులు మదర్‌బోర్డు పోర్టుకి తగిలించి ఉంటే అది తీసి కార్డుకి పెట్టండి. మానిటర్ బటన్లతో దాని సొంత మెనూ తెరిచి చూడండి. కొన్నిట్లో డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్‌నో, ఓవర్‌క్లాక్‌నో అక్కడ ఆన్ చేస్తేనే పెద్ద రేటు జాబితాలోకి వస్తుంది. కొత్తగా కేబులు కొనేవాళ్ళు, రెండు వైపులా పోర్టులు ఉంటే, డిస్‌ప్లేపోర్ట్ కేబులే తీసుకోవడం మేలు. కన్వర్టర్ బెడద ఉండదు.

ఎక్స్11లో ఉన్నారా, వేలాండ్‌లోనా

ఎక్స్11, వేలాండ్ అనేవి లినక్స్ తెర మీద బొమ్మ చూపించే రెండు పద్ధతులు. ఏది నడుస్తోందో తెలీకుండా మొదలుపెట్టి చాలామంది తిప్పలు పడతారు. టెర్మినల్‌లో ఇది కొట్టండి (డాలరు గుర్తు తర్వాత అన్నీ పెద్ద అక్షరాలు):

ఎకో $ఎక్స్‌డీజీ_సెషన్_టైప్

వేలాండ్ అని వస్తే ఎక్స్‌రాండ్ఆర్ కమాండ్‌తో రేటు మార్చలేరు. అది జాబితా చూపిస్తుంది గానీ మార్పు తెరకి చేరదు. పాత గైడ్లలో ఉన్న ఎక్స్‌రాండ్ఆర్ స్క్రిప్టులు కొత్త ఉబుంటులో పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఉబుంటు 25.10లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌కి ఎక్స్11 సెషనే లేదు. ఎక్స్11 అని వస్తే, ఎక్స్‌రాండ్ఆర్ అని ఒక్క మాట కొట్టి జాబితా చూడండి. రేటు పక్కన నక్షత్రం గుర్తు ఉంటే ఇప్పుడు నడుస్తున్నది అదే. కూడిక గుర్తు ఉన్నది మానిటర్ ఇష్టపడేది. కూడిక 60 పక్కన, నక్షత్రం కూడా అక్కడే కనిపిస్తే రోగం తెలిసినట్టే.

గ్నోమ్

ఉబుంటు, ఫెడోరా, డెబియన్ వాడేవాళ్ళలో ఎక్కువమందిది ఇదే. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్‌కి వెళ్ళి రిఫ్రెష్ రేట్ దగ్గర 144 ఎంచుకుని అప్లై నొక్కండి. తర్వాత వచ్చే చిన్న పెట్టెలో కీప్ చేంజెస్ నొక్కడం మరవొద్దు. దానికి గడువు 20 సెకన్లు. రేటు మారేటప్పుడు తెర కొద్దిసేపు నల్లబడుతుంది, బొమ్మ వచ్చాక చూద్దాంలే అనుకునేలోపు గడువు దాటితే పాత రేటుకి వెళ్ళిపోతుంది.

కీప్ నొక్కగానే మీ హోమ్ ఫోల్డర్‌లో ~/.కాన్ఫిగ్/మానిటర్స్.ఎక్స్‌ఎంఎల్ అనే ఫైలు తయారవుతుంది. అసలు జ్ఞాపకం ఇందులోనే ఉంది కాబట్టి ఒకసారి తెరిచి చూడటం మంచిది. ఒక్కో మానిటర్‌కి కనెక్టర్ పేరు, కంపెనీ గుర్తు, మోడల్, సీరియల్ నంబరు, వాటి కింద వెడల్పు, ఎత్తు, రేటు ఉంటాయి. రేటు దగ్గర 144 అని ఉండదు, 143.98 లాంటి దశాంశ అంకె ఉంటుంది. దాన్ని చక్కగా 144 అని దిద్దకండి. ఆ రేటు మానిటర్ జాబితాలో దొరకక, గ్నోమ్ ఆ అమరికను పక్కన పెట్టేస్తుంది.

గ్నోమ్ గుర్తుపెట్టుకునేది మానిటర్ ఒక్కదాన్నే కాదు. ఏ పోర్టుకి ఏ మానిటర్ తగిలి ఉంది, పక్కన ఇంకేమేం ఉన్నాయి అన్న మొత్తం అమరికను. కేబులు ఒక పోర్టు నుంచి పక్క పోర్టుకి మారిస్తే గ్నోమ్ దృష్టిలో అది కొత్త అమరిక, మళ్ళీ 60తో మొదలు. ల్యాప్‌టాప్ మూత తెరిచి ఉంటే ఒక అమరిక, మూసి ఉంటే వేరొకటి, ప్రొజెక్టర్ తగిలిస్తే మూడోది. ప్రతిదాంట్లోనూ ఒకసారి 144 పెట్టి కీప్ నొక్కాలి. మూత మూసి బయటి మానిటర్‌తోనే పనిచేసేవాళ్ళు మూత మూసి ఉన్నప్పుడు కూడా సెట్టింగ్ చేశారో లేదో చూసుకోవాలి.

కాలేజీ ల్యాబుల్లో ఇది ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఒక కంప్యూటర్‌లో సరిచేసిన మానిటర్స్.ఎక్స్‌ఎంఎల్‌ను మిగతా ఇరవైకీ కాపీ చేస్తే చాలనిపిస్తుంది. మానిటర్లు ఒకే మోడల్ అయినా సీరియల్ నంబర్లు వేరు కాబట్టి ఆ ఫైలు పక్క కంప్యూటర్‌లో సరిపోలదు. కొన్ని చవక మానిటర్లు సీరియల్ చోట అన్నీ సున్నాలే చెబుతాయి, వాటికి మాత్రం కాపీ పనిచేస్తుంది. ల్యాబుకి కాపీ చేసే ముందు ఏ రెండు మానిటర్ల ఫైళ్ళైనా పక్కపక్కన పెట్టి సీరియల్ పోల్చి చూడండి. వేరుగా ఉంటే ఒక్కో కంప్యూటర్ దగ్గర కూర్చుని పెట్టుకోవడమే దారి.

సెట్టింగ్ నిలవకపోవడానికి ఇంకో కారణం ఫైలు సొంతదారు మారిపోవడం. ఎప్పుడైనా ఆ ఫైలును సుడోతో (అంటే అడ్మిన్ హక్కులతో) కాపీ చేసి పెట్టి ఉంటే అది రూట్ అనే అడ్మిన్ పేరు మీదకి పోతుంది, తర్వాత మీరు చేసే మార్పులు రాయడం కుదరదు. ఎల్ఎస్ -ఎల్ ~/.కాన్ఫిగ్/మానిటర్స్.ఎక్స్‌ఎంఎల్ కొట్టి చూడండి. రూట్ అని ఉంటే సుడో చౌన్ తర్వాత మీ యూజర్ పేరు, తర్వాత ఆ ఫైలు దారి ఇచ్చి తిరిగి తెచ్చుకోండి. డిస్కు పూర్తిగా నిండిపోయినా ఇదే లక్షణం. హోమ్‌లో చోటు ఎంతుందో డీఎఫ్ -హెచ్ చెబుతుంది. ఎన్ని చేసినా మొండికేస్తే ఆ ఫైలును తీసేసి, లాగౌట్ అయి వచ్చి, కొత్తగా పెట్టండి. పోయేది మానిటర్ అమరికలే, ఇంకేమీ కాదు.

లాగిన్ తెర

లాగిన్ తెర మీద 60 ఉండి, లోపలికి వెళ్ళాక 144 వస్తుంటే చాలామందికి అది సమస్యే కాదు, వదిలేయొచ్చు. రేటు మారినప్పుడల్లా రెండు మూడు సెకన్లు నల్లబడే మానిటర్ అయితేనో, లాగిన్ దగ్గర బొమ్మ చెదురుతుంటేనో చేయండి. గ్నోమ్ లాగిన్ తెర నడిపే ప్రోగ్రాం పేరు జీడీఎం. ఉబుంటు 24.04లో:

సుడో సీపీ ~/.కాన్ఫిగ్/మానిటర్స్.ఎక్స్‌ఎంఎల్ /వార్/లిబ్/జీడీఎం3/.కాన్ఫిగ్/

సుడో చౌన్ జీడీఎం:జీడీఎం /వార్/లిబ్/జీడీఎం3/.కాన్ఫిగ్/మానిటర్స్.ఎక్స్‌ఎంఎల్

ఆ ఫోల్డర్ లేకపోతే ముందు సుడో ఎంకేడీఐఆర్ -పీతో తయారు చేసుకోవాలి. డెబియన్ 12లో యూజర్ పేరు జీడీఎం కాదు, డెబియన్-జీడీఎం, మొదటి డి పెద్ద అక్షరం. రెండో కమాండ్‌లో అది మార్చాలి. తర్వాత డెస్క్‌టాప్‌లో అమరిక మార్చితే ఈ కాపీ దానంతట అది మారదు, మళ్ళీ కాపీ చేయాలి.

మింట్, లేదా ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్ళకి లాగిన్ తెర చాలావరకు లైట్‌డీఎం. /ఈటీసీ/లైట్‌డీఎం/లైట్‌డీఎం.కాన్ఫ్ ఫైలులో సీట్ విభాగం కింద డిస్‌ప్లే-సెటప్-స్క్రిప్ట్ అనే వరుసలో మీ స్క్రిప్టు దారి ఇస్తే లాగిన్‌కి ముందే నడుస్తుంది.

కేడీఈ, సినమన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ

కేడీఈ ప్లాస్మాలో సిస్టమ్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే దగ్గర రేటు పెట్టి అప్లై చేస్తే చాలు. ప్లాస్మా 6 వేలాండ్‌లో అది ~/.కాన్ఫిగ్/కేవిన్అవుట్‌పుట్‌కాన్ఫిగ్.జేసన్‌లో ఉంటుంది, ఎక్స్11లో అయితే ~/.లోకల్/షేర్/కేస్క్రీన్ ఫోల్డర్‌లో. పాత అమరికలు అడ్డుపడుతున్నాయనిపిస్తే ఆ ఫైలును వేరే చోటికి తరలించి మళ్ళీ లాగిన్ అవ్వండి. టెర్మినల్ నుంచి కేస్క్రీన్-డాక్టర్ -ఓ కొడితే అన్ని రేట్లూ కనిపిస్తాయి.

సినమన్‌లో జ్ఞాపకం ఉండేది ~/.కాన్ఫిగ్/సినమన్-మానిటర్స్.ఎక్స్‌ఎంఎల్‌లో. ఎక్స్‌ఎఫ్‌సీఈ డిస్‌ప్లే పెట్టెలో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ప్రొఫైల్‌గా దాచుకోండి, మానిటర్ మళ్ళీ తగిలినప్పుడు ఆ ప్రొఫైలే వచ్చే ఎంపిక కూడా అక్కడే ఉంది. స్వే వాడేవాళ్ళు కాన్ఫిగ్‌లో అవుట్‌పుట్ డీపీ-1 మోడ్ 1920ఎక్స్1080@144హెచ్‌జడ్ అని ఒక వరుస రాస్తే సరిపోతుంది.

ఎక్స్11లో కమాండ్‌తో

ఎక్స్‌రాండ్ఆర్ --అవుట్‌పుట్ డీపీ-1 --మోడ్ 1920ఎక్స్1080 --రేట్ 144

ఇది వెంటనే పనిచేస్తుంది, కానీ సెషన్ ముగిస్తే పోతుంది. డీపీ-1 చోట మీ జాబితాలో కనిపించిన పేరే రాయాలి. ఒకే పోర్టుకి డ్రైవర్‌ని బట్టి పేరు మారుతుంది. ఒక కంప్యూటర్‌లో హెచ్‌డీఎంఐ-1 అయినది ఎన్విడియా డ్రైవర్ ఉన్నచోట హెచ్‌డీఎంఐ-0 కావచ్చు, ఏఎండీ సొంత డ్రైవర్‌లో డీపీ-1కి బదులు డిస్‌ప్లేపోర్ట్-0 అని వస్తుంది. పక్కవాళ్ళ స్క్రిప్టు తెచ్చుకుంటే పనిచేయకపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

ఈ వరుసను ~/.ఎక్స్‌ప్రొఫైల్‌లో పెడితే ప్రతి లాగిన్‌కీ నడుస్తుంది. కానీ మానిటర్ ఆగి వెలిగితే మళ్ళీ 60. అందుకని పూర్తి డెస్క్‌టాప్ లేకుండా ఒట్టి విండో మేనేజర్ వాడేవాళ్ళు ఆటోరాండ్ఆర్ అనే ప్యాకేజీ వేసుకోవడం మంచిది. 144 పెట్టిన స్థితిలో ఆటోరాండ్ఆర్ --సేవ్ షాపు అని, మీకు నచ్చిన పేరుతో, ఒకసారి కొట్టండి. మానిటర్ ఈడీఐడీని గుర్తుపెట్టుకుని, అదే మానిటర్ మళ్ళీ కనిపించినప్పుడల్లా ఆ రేటు తనే పెడుతుంది.

కంప్యూటర్ మొత్తానికి, ఎవరు లాగిన్ అయినా వర్తించాలంటే /ఈటీసీ/ఎక్స్11/ఎక్స్ఆర్గ్.కాన్ఫ్.డీ ఫోల్డర్‌లో 10-మానిటర్.కాన్ఫ్ అనే ఫైలు రాయాలి. అందులో మానిటర్ సెక్షన్, ఐడెంటిఫయర్‌గా ఆ పోర్టు పేరు, ఒక మోడ్‌లైన్ (సైజు, రేటు అంకెలన్నీ ఉండే వరుస), దాని పేరే ఇచ్చిన ప్రిఫర్డ్‌మోడ్ ఆప్షన్, అంతే. మోడ్‌లైన్‌కి మీ సొంత పేరు పెట్టండి. ఒట్టి 1920ఎక్స్1080 అంటే అదే పేరుతో 60దీ 144దీ రెండూ ఉండి, 60 పట్టుకునే అవకాశం ఉంది.

మోడ్‌లైన్ అంకెలు ఎక్కడి నుంచి తేవాలన్న దగ్గర జాగ్రత్త. సీవీటీ 1920 1080 144 అని కొడితే 452.50 మెగాహెర్ట్జ్ పిక్సెల్ క్లాక్‌తో ఒక వరుస ఇస్తుంది. అది పాత సీఆర్‌టీ పద్ధతిలో అంచుల చుట్టూ చాలా ఖాళీ వదిలే లెక్క. హెచ్‌డీఎంఐ 1.4 హద్దు 340 దాటిపోతుంది, మానిటర్ "అవుట్ ఆఫ్ రేంజ్" అని నల్లబడుతుంది. దానికి బదులు ఎక్స్‌రాండ్ఆర్ --వెర్బోస్ కొట్టి, మానిటర్ తానే చెప్పిన 144 మోడ్ కింద ఉన్న క్లాక్, అడ్డం, నిలువు అంకెలను అదే వరుసలో దించుకోండి. అవి ఆ ప్యానెల్‌కి కుదిరిన అంకెలు.

ఎన్విడియా సొంత డ్రైవర్‌తో ఎక్స్11లో ఉంటే ఇదంతా వద్దు. సుడోతో ఎన్విడియా-సెట్టింగ్స్ తెరిచి, ఎక్స్ సర్వర్ డిస్‌ప్లే కాన్ఫిగరేషన్‌లో రేటు ఎంచుకుని, సేవ్ టు ఎక్స్ కాన్ఫిగరేషన్ ఫైల్ నొక్కండి. సుడో లేకుండా తెరిస్తే ఆ ఫైలు రాయడానికి అనుమతి ఉండదు. వేలాండ్‌లో అయితే ఎన్విడియా కార్డుకి కూడా డెస్క్‌టాప్ సెట్టింగులే.

ఎక్స్ఆర్గ్ ఫైలు తప్పుగా రాసి తెర నల్లగా ఉండిపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. అక్షరాల తెర వస్తుంది, లాగిన్ అయి ఆ ఫైలును తీసేసి రీబూట్ చేయండి. ఏమీ పాడవదు.

కరెంటు పోయి వస్తే

మండే ఎండాకాలంలోనూ, సాయంత్రం గాలివానల్లోనూ మన వైపు కరెంటు పోవడం వింత కాదు. చాలా షాపుల్లో యూపీఎస్‌కి సీపీయూ మాత్రం తగిలించి, సాకెట్లు చాలక మానిటర్‌ని గోడ ప్లగ్గుకి వదిలేస్తారు. కరెంటు పోతే కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, మానిటర్ ఆరిపోతుంది. డిస్‌ప్లేపోర్ట్‌లో ఆరిపోయిన మానిటర్ కంప్యూటర్‌కి కేబులు పీకేసినట్టే కనిపిస్తుంది. కరెంటు రాగానే కొత్తగా తగిలించినట్టు లెక్క, ఎంపిక మొదటి నుంచీ జరుగుతుంది. మానిటర్‌ని కూడా అదే యూపీఎస్‌కి పెట్టండి. 24 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్ సాధారణంగా 40 వాట్ల లోపే తీసుకుంటుంది, చిన్న యూపీఎస్‌కి అది బరువు కాదు. ప్రింటర్‌ని మాత్రం యూపీఎస్ నుంచి తీసేయాలి, ముఖ్యంగా లేజర్ ప్రింటర్‌ని.

కరెంటు సంగతి కాకుండా మానిటర్ నిద్రలోకి పోయి లేచినప్పుడే 60 వస్తుంటే దాని మెనూలో డీప్ స్లీప్ లాంటి ఎంపిక ఉందేమో చూసి ఆపండి. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

కెర్నల్ స్థాయిలో

బూట్ అయ్యేటప్పటి నుంచే, అక్షరాల తెర మీద కూడా 144 కావాలనుకునేవాళ్ళు /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైలులో గ్రబ్_సీఎండీలైన్_లినక్స్_డీఫాల్ట్ వరుసలో, కోట్ గుర్తుల లోపల, ఉన్నదాని పక్కనే వీడియో=డీపీ-1:1920ఎక్స్1080@144 చేర్చండి. తర్వాత సుడో అప్‌డేట్-గ్రబ్, రీబూట్. ఇక్కడ కెర్నల్ వాడే పోర్టు పేరే రాయాలి, /సిస్/క్లాస్/డీఆర్ఎం ఫోల్డర్‌లో కనిపిస్తుంది. ఎక్స్11లో హెచ్‌డీఎంఐ-1 అయినది ఇక్కడ హెచ్‌డీఎంఐ-ఏ-1. బొమ్మ రాకపోతే బూట్ మెనూలో ఇ నొక్కి, ఆ మాట చెరిపి, ఎఫ్10 నొక్కితే ఆ ఒక్కసారికి పాత పద్ధతిలో లేస్తుంది. ఇది డెస్క్‌టాప్ సెట్టింగ్‌కి బదులు కాదు, దానికి అదనం.

సరిగ్గా కుదిరిందో లేదో చూసేందుకు

లాగౌట్ అయి రండి, రీబూట్ చేయండి, మానిటర్‌ని ప్లగ్గు దగ్గర ఒక నిమిషం ఆపి వెలిగించండి, కంప్యూటర్‌ని సస్పెండ్ చేసి లేపండి. ల్యాప్‌టాప్ అయితే మూత మూసి తెరవండి. ప్రతిసారీ డెస్క్‌టాప్ చెప్పేదాంతో పాటు మానిటర్ సొంత మెనూలో ఇన్ఫర్మేషన్ పేజీ చూడండి, నిజంగా అందుతున్న రేటు అక్కడ కనిపిస్తుంది. ఎక్కడ 60 కనిపిస్తే పైన ఆ భాగానికి వెళ్ళండి.

అన్నీ కుదిరాక మానిటర్స్.ఎక్స్‌ఎంఎల్‌ను, మీ డెస్క్‌టాప్‌కి సంబంధించిన ఫైలు ఏదైతే దాన్ని, ఒక పెన్‌డ్రైవ్‌లో దాచి, కేబులు ఏ పోర్టులో ఉందో ఒక చీటీ మీద రాసి సీపీయూ వెనక అంటించండి. సిస్టమ్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు అదే డెస్క్‌టాప్, అదే పోర్టు, అదే మానిటర్ అయితే ఆ ఫైలును హోమ్‌లో దాని చోట పెట్టి లాగిన్ అవ్వండి, 144 వచ్చేస్తుంది.